ప్లాట్‌ఫారం ఎత్తు నుంచి పొగబండి

బొగ్గు ఇంజను గుర్తున్నవాళ్లను ఎవర్నడిగినా దాన్ని చూసింది రెండుచోట్ల నుంచే. ఒకటి ప్లాట్‌ఫారం, రెండు రైల్వే గేటు. ప్రయాణంలో కిటికీ పక్కన కూర్చున్నవాడికి కంట్లో బొగ్గునలుసు పడేది గానీ ఇంజను కనపడేది కాదు, బండి వంపు తిరిగితే తప్ప. ఆ వంపులో తల బయటపెట్టి చూసిన పొగ, పెద్దవాళ్లు చొక్కా పట్టుకుని లోపలికి లాగడం, ఆ క్షణం అంతే.

అదే మనిషి పాతికేళ్లకో ముప్ఫయ్యేళ్లకో ఢిల్లీ చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియానికి వెళ్తాడు. కెమెరా నిండా ఫొటోలు తీసుకొస్తాడు. ఇంటికొచ్చి చూస్తే బొమ్మలో ఇంజను ఉంటుంది, గుర్తున్న ఇంజను మాత్రం ఉండదు. పెయింటు కొత్తగా ఉంది, పొగ లేదు, చప్పుడు లేదు, అందుకని అనుకుంటారు చాలామంది. అవి కొంతవరకే కారణం. అసలు తేడా ఎత్తులో ఉంది.

బ్రాడ్ గేజ్ పెద్ద స్టేషన్లలో ప్లాట్‌ఫారం పట్టాల కంటే 760 నుంచి 840 మిల్లీమీటర్లు ఎత్తు. పదేళ్ల పిల్లాడి కళ్లు నేల నుంచి మీటరుంపావు ఎత్తులో ఉంటాయి. రెండూ కలిపితే పట్టాల మీద నుంచి దాదాపు రెండు మీటర్లు. విజయవాడలోనో కాజీపేటలోనో నాన్న చెయ్యి పట్టుకుని నిలబడ్డ పిల్లాడు ఇంజన్ను చూసింది ఆ ఎత్తు నుంచి. వాడికి చక్రాల కింది సగం కనపడలేదు. బాయిలరు పొట్ట, దాని పొడవునా పోయే ఇత్తడి, రాగి గొట్టాలు, డ్రైవరు నిలబడే క్యాబ్‌లో ఫైర్‌మన్ పార, తెరిచిన ఫైర్‌బాక్స్ తలుపులోంచి ఎర్రటి వెలుగు, వాడి ఇంజను అదీ. మ్యూజియంలో ప్లాట్‌ఫారం లేదు. మనం పట్టాల పక్కన నేల మీద నిలబడి, అదీ మోకాళ్ల మీద కూర్చుంటే గొప్ప ఫొటో వస్తుందని ఎవరో చెప్పారు కనక, కింద నుంచి పైకి తీస్తాం. అప్పుడు వచ్చేది రైల్వే గేటు దగ్గర చూసిన ఇంజను. కట్టకింద నిలబడ్డవాడి ఇంజను. గేటు జ్ఞాపకం ఉన్నవాళ్లకు, పట్టాల ఎత్తులోనే మట్టి ప్లాట్‌ఫారం ఉన్న చిన్న స్టేషన్లలో రైలెక్కినవాళ్లకు అదే సరైనది. మిగతావాళ్లకు అది వేరే ఎవరి జ్ఞాపకమో.

కాబట్టి లోపలికి వెళ్లాక మొదట తేల్చుకోవాల్సింది లెన్సు కాదు, ఎత్తు. ప్లాట్‌ఫారం బొమ్మ కావాలంటే కెమెరా పట్టాల నుంచి రెండు మీటర్ల ఎత్తులో ఉండాలి. ఇప్పుడు ఇది తేలిక. తెర మడిచే కెమెరాని గానీ ఫోన్ని గానీ రెండు చేతులతో తలపైకెత్తి, తెరలో చూస్తూ, అడ్డం గీత సరిగ్గా ఉందో లేదో చూసుకుని నొక్కడమే. రీలు రోజుల్లో దీనికి ఒక ఉపాయం ఉండేది. రెండు లెన్సుల యాషికా మ్యాట్ లాంటి కెమెరా ఉన్నవాళ్లు దాన్ని తలకిందులుగా తలపైకి ఎత్తి, మెడ వెనక్కి వాల్చి, పైనున్న గాజుపలకలో చూస్తూ తీసేవాళ్లు. కుడి ఎడమలు తారుమారుగా కనపడతాయి గనక ఇంజన్ను ఫ్రేములో పెట్టడానికి కొత్తవాళ్లు అటూ ఇటూ ఊగేవాళ్లు. చూసేవాళ్లకు నవ్వొచ్చేది. ఫొటో మాత్రం సరిగ్గా వచ్చేది.

ఈ మ్యూజియానికి శంకుస్థాపన చేసింది వి.వి. గిరి, రాష్ట్రపతిగా ఉండగా, 1971 అక్టోబరు 7న. 1977 ఫిబ్రవరి 1న తెరిచారు. పాత ఇంజన్లను వెతికి పట్టుకోవడంలో మైకేల్ సాటో అనే ఇంగ్లిషాయన కృషి చాలా ఉంది. సోమవారం సెలవు. మిగతా రోజుల్లో పదింటికి తెరుస్తారు. తెరిచిన మొదటి గంటే మంచిది, ఎందుకంటే పదకొండు దాటాక స్కూలు పిల్లలు బస్సుల్లో దిగుతారు. ఇంజను ముందు గుద్దుడు ఆపడానికి ఉండే ప్రతి బఫరు మీదా ఒకడు కూర్చుంటాడు. ట్రైపాడు సంగతి గేటు దగ్గరే అడిగి తేల్చుకోవడం మేలు.

ఇక వెలుతురు. నల్ల ఇంజన్ని ఫొటో తీయడంలో ఉన్న కష్టమంతా చక్రాల దగ్గరే. బ్రాడ్ గేజ్ ప్యాసింజరు బళ్లు లాగిన డబ్ల్యూపీ రకం ఇంజను పెద్ద చక్రం వ్యాసం 1,702 మిల్లీమీటర్లు, పదేళ్ల పిల్లాడి నెత్తి దాటుతుంది. ఆ చక్రాల ముందు వాటిని ఒకదానితో ఒకటి కలిపే కప్లింగ్ రాడ్డు, పిస్టన్ తోపును చక్రానికి అందించే కనెక్టింగ్ రాడ్డు, సిలిండరులోకి ఆవిరిని వదిలే వాల్వు గేరు. వాటిపైన గొడుగులా రన్నింగ్ బోర్డు, అంటే బాయిలరు పక్కన నడవడానికి వేసిన పలక. జూన్ నెల మధ్యాహ్నం ఢిల్లీలో సూర్యుడు దాదాపు నడినెత్తిన, 85 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఎండంతా బాయిలరు వీపు మీద పడి, రన్నింగ్ బోర్డు నీడలో చక్రాలు బొగ్గుకుప్పలా మాయమైపోతాయి. డిసెంబరు చివర అదే మధ్యాహ్నం సూర్యుడు 38 డిగ్రీలు దాటడు. వెలుతురు ఏటవాలుగా రన్నింగ్ బోర్డు కిందికి దూరి రాడ్ల మీద పడుతుంది. అందుకే ఈ మ్యూజియానికి డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలలు. మనవైపు నుంచి వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని వెళ్లేవాళ్ల ఫొటోలు ఎందుకు తేలిపోతాయో దీన్నిబట్టి తెలుస్తుంది. వేసవిలోనే వెళ్లాల్సి వస్తే సాయంత్రం నాలుగు తరవాత, మూసే లోపు ఉన్న గంటే పనికొచ్చేది.

ఒక రోజు ఎంచుకోమంటే నేను ఎండ కంటే వాన వెలిసిన గంటనే ఎంచుకుంటాను. పనిచేసే రోజుల్లో ఇంజను ఎప్పుడూ నూనె, మసి, ఆవిరి తడి కలిసిన జిడ్డుతో ఉండేది. మ్యూజియంలో ఉన్నది ఎండిపోయిన రంగు. వాన పడ్డప్పుడు మాత్రం ఆ నలుపు మళ్లీ నిగనిగలాడుతుంది, రివెట్ల వరస లెక్కపెట్టేంత తేటగా కనపడుతుంది. బిట్రగుంట, గుంతకల్లు షెడ్లలో ఇంజన్లు చూసినవాళ్లు ఆ తడి నలుపును వెంటనే గుర్తుపడతారు.

కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు నలుపును నమ్మదు. ఫ్రేము నిండా ఇంజను ఉంటే, అది నల్లగా ఉందని దానికి తెలియదు, వెలుతురు తక్కువైందనుకుంటుంది. ఎక్స్‌పోజరు పెంచేసి ఇంజన్ని సిమెంటు రంగులోకి దించుతుంది. ఫ్రేములో ఆకాశం ఎక్కువుంటే దీనికి తలకిందులు: ఆకాశాన్ని చూసి తగ్గించేస్తుంది, ఇంజను నల్ల కాగితం కత్తిరించి అతికించినట్టు వస్తుంది. డిజిటల్లో అయితే ఫ్రేము నిండా ఇంజను ఉన్నప్పుడు ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపు (ఒక స్టాపు తగ్గిస్తే వెలుతురు సగమవుతుంది) తగ్గించి, ఇత్తడి మెరుపులు తెల్లగా కాలిపోకుండా చూసుకుని, కెమెరా ఏమీ దిద్దకుండా దాచే రా ఫైలుగా తీసుకుంటే చీకట్లను తరవాత పైకి తేవచ్చు. నెగటివ్ రీలుకి లెక్క వేరు. అందులో చీకట్లో నమోదు కానిది ఎప్పటికీ రాదు. అందుకని 100 స్పీడు రీలుకి ఎండలో మామూలుగా 1/125 సెకను, లెన్సు కన్నం ఎఫ్ 16 పెట్టేచోట చక్రాల కోసం ఇంకాస్త పెద్దదైన ఎఫ్ 11కి తెరిచేవాళ్లు. స్లైడు రీలు డిజిటల్ లాంటిదే, మెరుపులు పోతే పోయినట్టే.

ఇంత జాగ్రత్తగా తీసినా కలర్ ల్యాబు యంత్రం పాడుచేసేది. అది ప్రతి నెగటివునూ సగటు బూడిదరంగుకు లాగుతుంది. ఆ పాత ఆల్బముల్లో ఇంజన్లన్నీ పాలిపోయి, నీడల్లో పచ్చగానో ఎర్రగానో గరుకు తేలి ఉండటానికి కారణం రీలు కాదు, కెమెరా కాదు, ఆ మిషన్ని నడిపే కుర్రాడితో ముందే ఒక్క మాట చెప్పకపోవడం. "ఇది నల్ల ఇంజను, ప్రింటు డార్క్‌గా వేయండి" అని కవరు మీద రాసిచ్చినవాళ్లకు అదే నెగటివు నుంచి వేరే ఫొటో వచ్చేది. ఆ నెగటివులు ఇంకా ఉంటే ఇప్పుడైనా బాగుచేసుకోవచ్చు. 35 ఎంఎం నెగటివ్ని 3,200 డీపీఐలో స్కాన్ చేస్తే దాదాపు 4,500 చుక్కలు పొడవు, 3,000 చుక్కలు వెడల్పు వస్తుంది, అది చాలు. అంచున ఉన్న అంకెలు తిన్నగా చదవగలిగేలా పెట్టకపోతే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. మనుషుల ఫొటోలో అది తెలియదు గానీ ఇంజను మీద నంబరు తిరగబడి వెంటనే పట్టిస్తుంది.

నలుపు తెలుపు రీళ్లు వాడినవాళ్లకు ఇంకొంచెం హాయి. ఓర్వో రీలు, లెన్సు ముందు పసుపు ఫిల్టరు, దానికి ఒక స్టాపు ఎక్కువ. ఆకాశం కాస్త ముదిరి పొగగొట్టం అంచు తేలుతుంది. ఆ రోజుల్లో అందరికీ అందుబాటులో ఉండేది మాత్రం ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా. 120 రీలు, 12 చదరం బొమ్మలు. ఎండ, మబ్బు అని రెండే గుర్తులు. నల్ల ఇంజను ముందు ఎండలో కూడా మబ్బు గుర్తు పెట్టాలన్నది దాని రహస్యం.

పూర్తి ఇంజన్ని పక్క నుంచి ఒక్క ఫ్రేములో పట్టాలనుకునేవాళ్లకు ఒక చిన్న లెక్క. ఇంజను పొడవుని లెన్సు ఫోకల్ లెంగ్తుతో గుణించి 36తో (35 ఎంఎం రీలు ఫ్రేము పొడవు అన్ని మిల్లీమీటర్లు) భాగిస్తే ఎంత దూరం వెళ్లాలో వస్తుంది. వెనక బొగ్గు, నీళ్లు మోసే టెండరుతో కలిపి డబ్ల్యూపీ సుమారు 24 మీటర్లు. 50 ఎంఎం లెన్సుతో 33 మీటర్లు వెనక్కి పోవాలి, 35తో 23, 28తో దాదాపు 19. మ్యూజియంలో రెండు వరసల మధ్య అంత జాగా దొరకదు. దొరికినా మధ్యలో చెట్టో, చెత్తబుట్టో, బొమ్మ రైలు పట్టాలో ఉంటాయి. వైడు లెన్సుతో దగ్గర్నుంచి తీస్తే బఫర్లు గుమ్మడికాయలంత అయి, క్యాబు అగ్గిపెట్టెలా కుంచించుకుపోతుంది. దీనికి మందు ముక్కలుగా తీయడం. ఒకేచోట నిలబడి కెమెరా తిప్పకూడదు, తిప్పితే రెండు చివర్లూ సన్నబడతాయి. ఇంజనుకు సమాంతరంగా, ఒకే దూరంలో అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, నాలుగు ఫొటోలు, పక్కపక్క ఫొటోల్లో మూడోవంతు ఒకటే భాగం వచ్చేలా తీయాలి. వెనక చెట్లు అతకవు, ఇంజను అతుకుతుంది. వెనకటికి ప్రింట్లు కత్తిరించి అట్ట మీద ఫెవికాల్‌తో అంటించేవాళ్లు. ఇప్పుడు కంప్యూటరు చేస్తుంది, అయినా కప్లింగ్ రాడ్డు అతుకు దగ్గర మెట్టు పడిందేమో కంటితో చూసుకోవాల్సిందే.

ఈ ఉపాయం కూడా ఓడిపోయేది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వారి గారెట్ దగ్గర. 815 నంబరు, మాంచెస్టర్‌లో బేయర్ పీకాక్ తయారీ, బరువు 234 టన్నులు. ఆ రైల్వే లైను మన వాల్తేరు దాకా వచ్చిందే. గారెట్ అంటే రెండు ఇంజన్ల చక్రాల కూటాల మధ్య ఒకే బాయిలరు వంతెనలా వేలాడుతుంది. ముందు మూల నుంచి తీస్తే వెనక కూటం కనపడక మామూలు పెద్ద ఇంజనులాగే ఉంటుంది, అసలు విశేషమే పోతుంది. దాని దగ్గర తీయాల్సింది ముందు నీళ్ల ట్యాంకుకీ బాయిలరుకీ మధ్య ఉన్న ఆ ఖాళీని, కీలు ఉన్నచోటుని. ఇంత పొడుగు ఇంజను వంపుల్లో ఎలా తిరిగేదో ఆ ఒక్క ఫొటో చెప్తుంది.

తయారీదారు పలకలు, అంటే బిల్డర్ ప్లేట్లు, ఇంకో తలనొప్పి. చాలామంది లెన్సు ముందు పోలరైజర్ ఫిల్టరు పెడితే మెరుపు పోతుందనుకుంటారు. రంగు మీద మెరుపు తగ్గుతుంది, సానపెట్టిన ఇత్తడి మీద తగ్గదు, లోహం మీద పడ్డ వెలుతురు అలా లొంగదు. ఇత్తడిలో కనపడేది ఎదుటి వస్తువే, అంటే మన తెల్లచొక్కా. ముదురు చొక్కా వేసుకెళ్లడం, లేదా ఎవరినైనా నల్లగొడుగు పట్టుకుని ఎదురుగా నిలబడమనడం, కాస్త పక్కకు జరిగి పెద్ద లెన్సుతో తీయడం, ఇవే మార్గాలు. పొరలు పొరలుగా రంగు వేసి అక్షరాలు పూడుకుపోయిన పలకకు పక్కవాటు వెలుతురు కావాలి. సాయంత్రపు ఎండలోనో, చేతిలో టార్చి పలక అంచున ఆనించో తీస్తే నీడల్లో అంకెలు లేస్తాయి. సుద్ద రుద్దొద్దు. రాడ్ల మీద పొడిచిన అంకెలు ఇంజను నంబరుతో కలవకపోతే కంగారుపడొద్దు కూడా, వర్క్‌షాపుల్లో ఒకదాని భాగాలు ఇంకోదానికి వేయడం మామూలే.

సెలూన్ల దగ్గర అద్దం అడ్డం. 1875 నాటి వేల్స్ యువరాజు సెలూను, 1899 నాటి మైసూరు మహారాజా సెలూను చూడ్డానికి అందరూ ముఖం అద్దానికి ఆనిస్తారు, ఫొటోకీ అదే సూత్రం. లెన్సు ముందు తొడిగే రబ్బరు హుడ్డు ఉంటే దాన్ని అద్దానికి పూర్తిగా ఆనించాలి, లేకపోతే నల్లగుడ్డ చుట్టాలి. వేలెడంత సందు వదిలితే వెనకనున్న పిల్లల రంగు టోపీలన్నీ మహారాజా మంచం మీద తేలతాయి. ఫ్లాషు సంగతి చెప్పక్కర్లేదు. కెమెరా అద్దానికి ఆనినందువల్ల కదలదు కనక 1/8 సెకనుకైనా చేతితోనే తీయవచ్చు.

హైదరాబాదు వాళ్లు తప్పకుండా ఆగాల్సింది ఒక రైలు కానిదాని దగ్గర. 1914లో నిజాం రైల్వే కోసం కొన్న జాన్ మోరిస్ అగ్నిమాపక బండి. ఎర్రటి ఒళ్లు, గట్టి రబ్బరు టైర్లు. నలుపు తరవాత ఎరుపు కెమెరాను ఇంకోలా మోసం చేస్తుంది. ఎర్ర రంగు ఒక్కటే పొంగి, అంచులు, నీడలు లేని ముద్దగా మారుతుంది. కెమెరా తెర మీద వెలుతురు పంపకం చూపే గ్రాఫు, హిస్టోగ్రాం, మొత్తంగా బాగానే ఉన్నట్టుంటుంది, ఎరుపు గీతను విడిగా చూస్తే కుడి గోడకు గుద్దుకుని ఉంటుంది. అరస్టాపు తగ్గించాలి.

కదిలేవి ఇక్కడ తక్కువ. పటియాలా మోనోరైలు ఒకటి. 1907లో బెర్లిన్‌లోని ఓరెన్‌స్టైన్ కోపెల్ చేసిన ఇంజను, బరువు దాదాపంతా ఒకే పట్టా మీద, పడిపోకుండా పక్కన రోడ్డు మీద దొర్లే పెద్ద ఇనుపచక్రం. నడిపే రోజు దొరికితే ఆ చక్రం ఉన్న వైపు నిలబడాలి, అవతలివైపు నుంచి అది మామూలు బుల్లి రైలే. మనిషి నడక వేగం కాబట్టి 1/250 సెకను పెడితే ఆగి ఉన్నట్టే వస్తుంది. 1/30 పెట్టి దానితోపాటు కెమెరా తిప్పితే చక్రాల ఊచలు కలిసిపోయి నడిచినట్టు కనపడుతుంది. పదిలో రెండు బాగుంటే అదృష్టం.

పొగే కావాలంటే రేవాడి వెళ్లాలి. ఢిల్లీకి 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆవిరి ఇంజన్ల షెడ్డు. 1855 నాటి ఫెయిరీ క్వీన్, అక్బర్, ఆజాద్ పేర్లున్న డబ్ల్యూపీలు అక్కడివే. అక్కడ కూడా చలికాలమే. ఆవిరి చల్లగాలి తగలగానే తెల్లగా గడ్డకట్టినట్టు కనపడుతుంది, మే నెలలో అదే ఆవిరి కంటికి ఆనకుండా కరిగిపోతుంది. వెలుతురు ఎదురుగా ఉండేలా నిలబడితే ఆవిరి వెలుగుతుంది, వెనక నుంచి పడితే చప్పగా సున్నంలా ఉంటుంది.

ఫోన్లవాళ్లకు రెండు మాటలు. అతివెడల్పు లెన్సు వద్దు, ఒకటి లేదా రెండు రెట్ల దగ్గర ఉంచి కాళ్లతో వెనక్కి నడవండి. పోర్ట్రెయిట్ మోడు చేతిపట్టీలను, విజిల్ని వెనకున్న చెట్లతోపాటు చెరిపేస్తుంది. నలుపు మీద వేలుపెట్టి వెలుతురు గీతను కిందికి లాగండి, ఫోనుకీ నలుపంటే భయమే.

చివరగా, ఇళ్లలో పెట్టెల అడుగున ఉన్న పాత ప్రింట్లు. వాటి వెనక సాధారణంగా "ఢిల్లీ, 1984" అని మాత్రమే ఉంటుంది, అదీ బాల్‌పెన్నుతో, ముందువైపుకి అచ్చుపడి. మెత్తటి 2బీ పెన్సిలుతో నంబరు, గేజు, ఏ వైపు నుంచి తీసిందీ రాయాలి. నంబరు క్యాబు పక్కన, బఫర్ బీము మీద, టెండరు వెనక వెతకాలి. అయితే ఇంటి ఆల్బముల్లో మామయ్య సరిగ్గా నంబరుకి ఆనుకునే నిలబడి ఉంటాడు. అప్పుడు మామయ్య కాళ్ల పక్క నుంచి పెద్ద చక్రాలు లెక్కపెట్టాలి. మీటర్ గేజ్ ఇంజను అయి, ఒకవైపు మూడు వస్తే ప్యాసింజర్లు లాగిన వైపీ కావచ్చు, నాలుగు వస్తే గూడ్సు లాగిన వైజీ కావచ్చు. మామయ్య అడ్డంగా ఉన్నచోట ఇంకో చక్రం దాక్కుని లేదని ముందు నిర్ధారించుకోవాలి.